ఎదురెక్కే చేప



మా ఊరు పాలమూరు జిల్లాలో జడ్చర్లకు దగ్గర, దుందుభి ఒడ్డున. ఒడ్డు అనగానే కొత్తవాళ్లు నీళ్లను ఊహించుకుంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఉండేవి తుమ్మచెట్లు, బోడి రాళ్లు, ఇసుక తోడుకుపోయిన గుంతలు. నాలుగు వానలు గట్టిగా పడ్డప్పుడే మా వాగు నది అవుతుంది. అప్పుడది ఎర్రటి నీళ్లతో కిందికి దిగి, డిండి దాటి, నల్లమల అంచున కృష్ణలో కలుస్తుంది. ఈ ఏటికి మీనాంబరం అనే పేరు కూడా ఉంది. మీనం అంటే చేప, అంబరం అంటే బట్ట, ఆకాశం కూడా. చేపలను చీరలా కట్టుకున్న ఏరు అనుకున్నా, చేపల ఆకాశం అనుకున్నా, ఆ పేరు పెట్టినవాళ్ల కళ్లకు ఏం కనబడి ఉంటుందా అని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యం.

మృగశిర కార్తె వచ్చిందంటే మన ఇళ్లలో చేపకూర ఉండాలి. మార్కెట్లో కొర్రమట్ట ధర ఆ రోజు ఆకాశంలో ఉంటుంది. నాకు మాత్రం మృగశిర అంటే ముందుగా మా ఊరి చెరువు అలుగు గుర్తొస్తుంది. చెరువు నిండి అలుగు పారిన మొదటి రాత్రి ఊరంతా అక్కడే. కొందరి చేతుల్లో ఊతలు, కొందరి చేతుల్లో వలలు, ఏమీ లేనివాళ్ల చేతుల్లో పాత చీరలు. లాంతర్ల వెలుగులో నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ కిందికి దుంకుతుంటే, ఆ నీళ్లకు ఎదురు చేపలు పైకి ఎగిరేవి. ఒకటి ఎగిరి రాయికి కొట్టుకొని పడేది, మళ్లీ ఎగిరేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. మా నాయనను అడిగిన.

"నాయనా, ఇది ఏడికి పోతది?"

"మీదికి."

"మీద ఏముంది?"

"దాని తల్లిగారిల్లు. కడుపుతోటి ఉన్నది, కాన్పుకు పోతది."

ఇంతకంటే సూటిగా ఈ సంగతి చెప్పిన మాట నాకు ఆ తరువాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కొత్తనీటి వాసన తగలగానే చేప ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లు, మునిగిన గడ్డి, శత్రువులు లేని చోటు కావాలి. గొలుసుకట్టు చెరువులు కట్టిన మన పెద్దలు అలుగును నిట్టనిలువు గోడలా కాకుండా, రాళ్లు వాలుగా పేర్చి కట్టిన చోట్ల చేప ఒక చెరువు నుంచి పై చెరువుకు ఎక్కిపోయేది. వాళ్లు చేప కోసమే అలా కట్టారని నేను అనను. కానీ ఆ వాలు వల్ల చేపకు దారి మిగిలింది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది మా చెరువు చేప గురించి కాదు, దానికంటే చాలా దూరం నుంచి తల్లిగారింటికి వచ్చే ఆడబిడ్డ గురించి. గోదావరి పులస. పాలమూరు మెట్టవాడికి కోనసీమ చేపతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. పని ఉంది. ఎందుకుందో చెబుతాను.

గోదావరి పుట్టుక కథ మీకు తెలిసిందే. కరువు కాలంలో గౌతమ మహర్షి పొలంలోకి ఒక ఆవు వచ్చింది. ఆయన దర్భతో అదిలిస్తే అది పడి చచ్చిపోయింది. ఆ గోహత్యా పాపం పోవడానికి శివుడి జటాజూటం నుంచి గంగను నేలకు దింపాడు. అందుకే ఆమె గౌతమి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, మన బాసరను తాకి, భద్రాద్రి రాముడి పాదాల ముందు నుంచి పాపికొండల మధ్యగా దిగి, ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. సప్త ఋషులు ఒక్కొక్కరు ఒక్కో పాయను పంచుకున్నారని నమ్మకం. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధ గౌతమి, భారద్వాజ, కౌశిక, వశిష్ఠ. వాటిలో కొన్ని ఇప్పుడు కాలువల్లా మిగిలాయి, కొన్ని పేర్లకే మిగిలాయి. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. సప్తసాగర యాత్ర అని భక్తులు ఈ ఏడు సంగమాల్లోనూ స్నానాలు చేస్తారు.

భక్తులు పై నుంచి సముద్రం వైపు యాత్ర చేస్తుంటే, సముద్రం నుంచి పైకి ఇంకో యాత్ర జరుగుతుంటుంది. ఆషాఢంలో ఎర్రనీరు సముద్రంలోకి దిగుతుంది. మైళ్ల దూరం కడలి రంగు మారిపోతుంది. ఆ మట్టినీటి తీపి తగలగానే ఇలస చేప తల తిప్పుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస, లేదా విలస. గోదావరి నీళ్లలోకి వచ్చి, ఆ నీటిని తాగి, ప్రవాహానికి ఎదురీదాక అది పులస. ఒకే చేపకు పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు. మన ఆడపిల్లలకూ అంతేగా.

దాని ఒంటిని చూసినవాళ్లు మరచిపోరు. వెండి రేకు తొడిగినట్టుంటుంది. నీటి నుంచి తీయగానే ప్రాణం వదులుతుంది, కొర్రమట్టలా గంటలకొద్దీ కొట్టుకోదు. ఒక ఆడచేప కడుపులో లక్ష నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లు ఉంటాయి. అవి మంచినీళ్లలోనే పొదగాలి. ఉప్పునీళ్లు పనికిరావు. గుడ్డు పొదగడానికి ఇంచుమించు ఒక రోజు చాలు. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే మేసి, జానెడు కూడా లేని వయసులో సముద్రానికి దిగిపోతాయి. ఒకటి రెండేళ్లు సముద్రంలో పెరిగి, మళ్లీ ఎర్రనీరు పిలిస్తే తిరిగి వస్తాయి.

సముద్రంలో తెచ్చుకున్న కొవ్వుతోనే ఆ ఎదురీత అంతా సాగుతుంది. ఆ కొవ్వూ, ఆ ఎదురీతే దాని రుచికి మూలమంటారు. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి వండి, రాత్రంతా ఉంచి మర్నాడు తినాలట. ముళ్లు సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి. నేను ఒక్కసారే తిన్నాను, యానాంలో, ఒక మిత్రుడి ఇంట. రుచి గురించి అబద్ధం చెప్పను, గొప్పగా ఉంది. కానీ ఆ ఇంటి పెద్దావిడ వడ్డిస్తూ, చేప కడుపులోంచి తీసిన జనను ప్రత్యేకంగా నా విస్తట్లో వేసింది. బొటనవేలంత లావు రెండు పట్టీలు. మా నాయన మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. తల్లిగారింటికి కాన్పుకు వచ్చిన బిడ్డ.

పుస్తెలు అమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. చేప విలువ చెప్పడానికి పుట్టిన మాట అది. పులస సమృద్ధిగా దొరికిన రోజుల్లో దానివల్ల కీడు లేకపోయి ఉండవచ్చు. ఇప్పుడు ఏటా జులై, ఆగస్టుల్లో యానాం వైపు నుంచి వార్తలు వస్తాయి. ఒకే ఒక్క చేప వేలంలో ఇరవై వేల రూపాయలు దాటి పోయిందని. పేపర్లు బొమ్మ వేస్తాయి, కొన్నవాడు నవ్వుతూ నిలబడతాడు. నాకు ఆ బొమ్మలో ధర కంటే ముందు చేప కడుపు కనబడుతుంది. ఆ ఒక్క చేప ఎదురెక్కి ఉంటే లక్షల గుడ్లు. అరుదైన కొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగిన కొద్దీ వల వేసేవాడు నిద్రపోడు. ఈ సామెతను మనం ఇక గొప్పగా చెప్పుకోకూడదని నా అభిప్రాయం. గోదావరి మిత్రులు నన్ను మన్నించాలి.

అలాగని తప్పంతా వల వేసేవాడి మీద నెట్టలేను. ఏటి ఒడ్డున బతికే మనిషి నాలుగు నెలల ఎర్రనీటి మీద ఏడాది అప్పులు తీర్చుకోవాలి. రాత్రంతా నావ మీద గడిపి ఒక్క చేప దొరికితే అదే పండగ, దొరకని రాత్రులే ఎక్కువ. సముద్రపు ఇలసను, ఒడిశా, బెంగాల్ నుంచి మంచు పెట్టెల్లో వచ్చిన చేపను పులస అని అమ్మేవాళ్లూ ఉన్నారు. నిజమైన పులస ఎంత తగ్గిపోయిందో ఆ మంచు పెట్టెలే చెబుతున్నాయి.

కథ చాలా వెనక్కి పోతుంది. 1832లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గోదావరి, గుంటూరు సీమలను ఊడ్చేసింది. నది నిండుగా సముద్రంలోకి పోతుండగా ఒడ్డున జనం ఆకలితో చచ్చిపోయారు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడు. ఆ తరువాత డెల్టా పచ్చబడింది. గోదావరి రైతులు ఈనాటికీ ఆయన విగ్రహానికి దండ వేస్తారంటే అది ఊరికే కాదు. కరువు తెలిసిన పాలమూరు మనిషిగా నేను ఆ ఆనకట్టను ఒక్క మాట అనను. ఆకలి తీర్చిన గోడ అది.

కానీ ఆ గోడ చేపకు కూడా గోడే. అంతకుముందు పులస నదిలో ఎంత పైకి బలం ఉంటే అంత పైకి పోయేది. ఆనకట్ట పడ్డాక దాని యాత్ర ధవళేశ్వరం కాళ్ల దగ్గర ఆగింది. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1970లలో మొదలై 1982లో పూర్తయింది. దానికి 175 గేట్లు. పెద్ద వరద వచ్చి గేట్లన్నీ ఎత్తిన రోజుల్లో చేపకు దాటే అవకాశం ఉంటుంది. మిగిలిన రోజుల్లో కట్ట కింది మడుగుల్లో అది ఆగిపోతుంది, కాచుకున్న వలకు దొరికిపోతుంది.

ఇది ఎవరికీ తెలియక జరిగింది కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, చేపల శాస్త్రానికి జీవితమిచ్చి, 1873లో హిందూస్థాన్, బర్మా మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలు వలస చేపల దారిని కోసేస్తున్నాయని, గోడలో వాటికి దారి వదలాలని అందులో చెప్పాడు. నూటయాభై ఏళ్లు దాటింది. కావేరిలో కూడా ఇలస ఎక్కేది, కృష్ణలోనూ ఎక్కేది. 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక కావేరిలో ఆ చేప వేట కుదేలైంది. గంగలో ఇలస అలహాబాదు దాకా, ఇంకా పైకి కూడా పోయేదట. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలైనాక బీహారు, ఉత్తరప్రదేశ్ మత్స్యకారులకు ఆ చేప జ్ఞాపకంగా మిగిలింది. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా పాత ఆనకట్ట 1855కే లేచింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది.

ఇక పాలమూరు సంగతి.

మన జిల్లా నుంచి గుంపులు గుంపులుగా జనం మట్టి పనికి పోయేవారు. గుంపు మేస్త్రీ వచ్చి బయానా ఇచ్చేవాడు. ఆ ముందు పైసలు ఇంట్లో అప్పటికే ఉన్న అప్పులకు పోయేవి. దసరా పండుగ కాగానే మూటాముల్లె, పలుగు, పార, చంటిపిల్లలతో సహా లారీ ఎక్కేవారు. మృగశిరకు తిరిగొచ్చి గింజలు వేసుకునేవారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది. ఆ పేరే ఒక కులంలా అయిపోయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, ఆ రాతి గోడ లేపిన చేతుల్లో మన చేతులు ఎన్నో. ఆ తరువాత శ్రీశైలం. ఇప్పటికీ మన దగ్గర నుంచి బొంబాయి బస్సులు నడుస్తున్నాయి.

మా నాయన శ్రీశైలం కట్ట మీద పనిచేశాడు. తట్టలు మోశాడు, తరువాత కాంక్రీటు పనిలో నిలబడ్డాడు. నేను పుట్టినప్పుడు ఆయన ఊళ్లో లేడు. మా అమ్మ కాన్పుకు తల్లిగారింటికి పోవాలి. కానీ తల్లిగారింటివాళ్లు కూడా అదే గుంపులో అదే కట్ట దగ్గర ఉన్నారు. తాళం పెట్టిన ఇంటి ముందు నుంచి ఆమె తిరిగొచ్చిందట. ఈ మాట అమ్మ ఎప్పుడో ఒకసారే చెప్పింది, కంట తడి పెట్టలేదు. నాకు మాత్రం ఆ తాళం గుర్తుండిపోయింది. పులస గురించి చదివిన రోజున ఆ తాళమే కనబడింది.

అందుకే అన్నాను, ఈ చేపతో మనకు పని ఉందని. వలస అంటే ఏమిటో పుస్తకం చూడకుండా తెలిసిన జిల్లా మనది. పోవడం కష్టం కాదు, తిరిగి రావడానికి దారి లేకపోవడమే కష్టమని మనకు తెలుసు.

మన మెట్టకు కూడా సముద్రపు చుట్టం ఒకటుంది. మలుగు పాము. పేరు పామే కానీ అది చేప. పులసకు సరిగ్గా తిరగేసిన బతుకు దానిది. సముద్రంలో ఎక్కడో లోతుల్లో పుడుతుంది, గాజుపుల్లలాంటి పిల్లగా ఉన్నప్పుడే నదుల్లోకి ఎక్కి, వాగుల్లో, మడుగుల్లో ఏళ్లకేళ్లు పెరుగుతుంది. మళ్లీ సముద్రానికి దిగి గుడ్లు పెట్టి అక్కడే కన్నుమూస్తుంది. మా ఊరి బెస్తల్లో పెద్దవాళ్లకు అది బాగా తెలుసు. మడుగు రాళ్ల సందుల్లో చెయ్యి పెడితే చేతికి చుట్టుకునేదని చెప్పేవారు. ఇప్పటి పిల్లలకు పేరు కూడా తెలియదు. బంగాళాఖాతం నుంచి మా దుందుభి రాయి సందుకు రావాలంటే ఆ గాజుపుల్ల ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, నాగార్జునసాగర్ అన్నీ దాటాలి. నేను లెక్క వేస్తూ వేస్తూ మధ్యలోనే ఆగిపోయాను.

మత్స్యావతార కథ మన పోతన భాగవతంలో ఉంది. సత్యవ్రతుడనే రాజు కృతమాల అనే ఏటిలో దోసిట నీళ్లు పట్టాడు. అందులోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. నన్ను కాపాడమంది. కమండలంలో వేశాడు. తెల్లారేసరికి అందులో పట్టలేదు. చోటు చాలడం లేదంది. గంగాళంలో వేశాడు, చాలలేదు. మడుగులో వేశాడు, చాలలేదు. చివరికి సముద్రంలో విడిచాడు. మేము ఈ కథను దేవుడి మహిమగా విని పెరిగాం. ఇప్పుడు వింటే నాకు అందులో చేప అడిగిన మాటే వినబడుతోంది. ప్రతిసారీ అది అడిగింది ఒక్కటే. రాజు ప్రతిసారీ విన్నాడు. ఇరుకైన చోట ఉండిపోమని ఒక్కసారి కూడా అనలేదు.

వినడం ఇప్పటికీ సాధ్యమే. బంగ్లాదేశ్‌కు ఇలస జాతీయ చేప. అక్కడ 2002 ప్రాంతంలో ఏడాదికి రెండు లక్షల టన్నుల దగ్గరికి పడిపోయిన పట్టుబడి, ఆ తరువాత ఐదు లక్షల టన్నులు దాటింది. ఏం చేశారంటే, చేప గుడ్లు పెట్టే ఆశ్వయుజ పున్నమి చుట్టూ అక్టోబరులో 22 రోజులు వేట, అమ్మకం, రవాణా అన్నీ ఆపేశారు. నవంబరు నుంచి జూన్ దాకా పిల్లచేపను పట్టకూడదన్నారు. ఆ రోజుల్లో మత్స్యకారుల ఇళ్లకు ప్రభుత్వం బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం మాట ముఖ్యం. కడుపు మాడ్చుకొని చేపను కాపాడమని ఎవరికీ చెప్పలేం.

మన తూర్పు తీరంలో కూడా ఏటా వేట నిషేధం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సముద్రపు చేపలకు అది మేలే. కానీ పులస విషయంలో ఆ తేదీలు చూడండి. జూన్ 15న మరపడవలు కడలిలోకి దిగుతాయి. సరిగ్గా ఆ వారాల్లోనే ఇలస ఎర్రనీటి కోసం నదీముఖాల దగ్గరికి చేరడం మొదలుపెడుతుంది. వాకిట్లోకి రాకముందే చాలావాటి కథ ముగుస్తుంది. నదీముఖంలో కొన్ని మైళ్ల మేర, ఎర్రనీరు దిగిన తొలి వారాల్లో వల వేయకుండా, ఆ వారాలకు సరిపడా మత్స్యకారులకు జీవనభృతి ఇస్తే ఎంత ఖర్చవుతుంది? ఒక పుష్కరఘాటు మెట్లకు అయ్యేదాని ముందు అది ఏపాటిది? 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ నదికి మనం ఇచ్చే కానుకల్లో ఇది ఒకటి కావాలని నా కోరిక.

అమెరికాలో, మన పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న సియాటిల్‌కు పడమరగా ఎల్వా అని ఒక నది ఉంది. క్లాలం అనే ఆదివాసులది ఆ నది. సృష్టికర్త తమ జాతిని మలచిన రాతి బండ ఆ నది ఒడ్డునే ఉందని వాళ్ల నమ్మకం. అక్కడ సాల్మన్ అనే చేప సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చేది. మన పులసకు అది దూరపు వరస. 1913లో ఒకటి, 1927లో ఇంకొకటి ఆనకట్టలు లేచాయి, చేపకు దారి వదలలేదు. ఆ బండ జలాశయం కింద మునిగిపోయింది. మీ బండ ఎక్కడుందని అడిగితే చూపించడానికి లేక ముసలివాళ్లు కథగా మాత్రమే చెప్పుకున్నారు. 2011 నుంచి 2014 మధ్య ఆ రెండు ఆనకట్టలనూ కూల్చారు. నీళ్లు దిగాక 2012లో ఆ బండ బయటపడింది. దాదాపు నూరేళ్లకు. సాల్మన్ చేపలు కూడా పైకి ఎక్కడం మొదలుపెట్టాయి.

ఆ బండ సంగతి చదువుతుంటే నాకు మన సంగమేశ్వరం కళ్లలో మెదిలింది. శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో ఎక్కువ కాలం మునిగి ఉండి, ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే గుడి. పడవల మీద వెళ్లి పూజలు చేస్తారు. అలా మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాళ్లు విప్పి అలంపురానికి తెచ్చి తిరిగి నిలబెట్టారు. గుడికి ఇంకో చోటు చూపించగలిగాం.

మన ఆనకట్టలను కూల్చమని నేను అనడం లేదు. ఆ నీళ్లు తాగుతున్నవాణ్ణి ఆ మాట అనను. ఎల్వా ఆనకట్టలు కరెంటు కోసం కట్టినవి, మనవాటిలో చాలావి అన్నం కోసం కట్టినవి. గోడ ఉంచి దారి వదలమంటున్నాను. పోలవరం స్పిల్‌వేలో పులస కోసం చేపల నిచ్చెన పెట్టారు. మెట్లు మెట్లుగా నీటిని దింపితే చేప ఒక్కో మెట్టూ ఎక్కి పోతుంది. కలకత్తా పక్కన బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ దానికి సలహా ఇచ్చింది. మంచి పని. అయితే ఆ నిచ్చెన దాకా చేప రావాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి. మేడ మీద మెట్లు కట్టి, కింద తలుపు మూసి ఉంచితే ఎట్లా?

మన జిల్లాలోనే చూడండి. పాలమూరు రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరు 16న మొదటి మోటారు నడిచింది. శ్రీశైలం వెనుక నీళ్లను కొల్లాపూర్ దగ్గర నుంచి అంచెలంచెలుగా పైకి తోడి, మా జడ్చర్ల మండలం ఉదండాపూర్ దాకా తేవాలని పథకం. దాని కోసం ఉదండాపూర్ జనం పొలాలు వదులుకున్నారు. నీళ్లను వందల మీటర్ల ఎత్తుకు ఎదురెక్కించే విద్య మనకు చేతనైంది. ఆ ఇంజనీర్ల ముందు చేతులు జోడిస్తాను. దుందుభి మీద, ఊరి వాగుల మీద కడుతున్న చెక్‌డ్యాముల్లో ఒక పక్కన, రెండు మూర్ల వెడల్పున, గరుకు రాళ్లు పేర్చి వాలుగా ఒక దారి వదలడం అంత పెద్ద విద్య కాదు. మన పాత అలుగుల్లో ఉన్నదే. ఆ వాలు మీద వానాకాలంలో ఎప్పుడూ ఒక జానెడు నీళ్లు పారుతుంటే, చేప మిగతా పని తానే చూసుకుంటుంది. చెరువుల్లో ఏటా ప్రభుత్వం చేపపిల్లలు వదులుతోంది, మంచిదే. కానీ లారీలో వచ్చిన చేపపిల్ల చెరువులోనే పెరిగి చెరువులోనే పట్టుబడుతుంది. ఎదురెక్కడం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు, దారి చూపిస్తే చాలు.

మా నాయన చివరి రోజుల్లో నేను ఆయనను శ్రీశైలం తీసుకుపోయాను. మల్లన్న దర్శనం అయ్యాక కట్ట దగ్గరికి పోదామన్నాడు. తాను పనిచేసిన చోటు గుర్తుపట్టగలనేమోనని ఆయన ఆశ. అన్నీ ఒకేలా ఉన్నాయి, గుర్తుపట్టలేకపోయాడు. రెయిలింగు పట్టుకొని కింది మడుగును చాలాసేపు చూశాడు. అప్పుడు చెప్పాడు, అంతకుముందెప్పుడూ చెప్పని మాట. గోడ సగం లేచిన కాలంలో, వాన పడ్డ రాత్రుల్లో, గుడిసెల్లో పడుకుంటే కింద నుంచి చప్పుడు వినబడేదట. గోడకు తడిబట్ట కొట్టినట్టు, ఆగి ఆగి, తెల్లారేదాకా. మొదట్లో ఏమిటో తెలియలేదట. ఒక రాత్రి లాంతరు పట్టుకొని దిగి చూశారట.

"చేపలు రా," అన్నాడు. "పైకి పోనీకి కొట్టుకుంటున్నయి. పొద్దున మేమే పోయి ఇంకో వరుస కట్టినం."

ఈ ఏడు మా ఊరి అలుగు పారితే, మొదటి రెండు రాత్రులు వల వేయవద్దని మా ఊరి బెస్త పెద్దలతో మాట్లాడాను. చూద్దాం అన్నారు. ఒకాయన మాత్రం నవ్వి, "కాన్పుకు పోయేదాన్ని ఆపుతమా సారు, వచ్చేటప్పుడు పడతం తీ," అన్నాడు.

వాన కోసం చూస్తున్నాం.